చుక్కకు ధాన్యం పేరు పెట్టిన గురువు

మదనపల్లె నుంచి హార్సిలీ కొండ మీదికి బస్సులో వెళ్ళినవారు మీలో చాలామందే ఉంటారు. ఆ కొండ పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఆ అడవిలో ఉండేదనీ, జబ్బుపడిన కొండ జనానికి మందులిచ్చేదనీ, ఒకనాడు కనబడకుండా పోయిందనీ పెద్దలు చెప్పే కథ. 1870 ప్రాంతంలో కడప కలెక్టరుగా ఉన్న హార్సిలీ దొర చల్లదనం కోసం అక్కడ బంగళా కట్టుకున్నాడు. అప్పటినుంచి కొండకు ఆయన పేరే పడింది. మల్లమ్మ గుడిలో మిగిలింది, దొర బస్సు బోర్డు మీదికి ఎక్కాడు. కొండ మాత్రం ఎప్పటి కొండే.

కొండలకే కాదు, చుక్కలకూ ఇలా పేర్లు పెట్టింది మనుషులే. ఆ పేర్ల గురించి మన విచారణల్లో జ్ఞానోపదేశం నేర్చుకునే పిల్లలు ఒక ప్రశ్న అడుగుతుంటారు. మార్స్, జూపిటర్, వీనస్, సాటర్న్ అని బడిలో వల్లె వేయించే గ్రహాల పేర్లన్నీ రోమను దేవుళ్ళవి కదా, మనం వాటిని పలకవచ్చునా అని. కొందరు పెద్దలకూ ఈ సందేహం ఉంది. శుక్రవారం, శనివారం అనడం కూడా తప్పేమోనని మథనపడేవారు లేకపోలేదు.

ఈ ప్రశ్నకు వాదాలతో కాక ఒక మనిషి జీవితంతో జవాబు చెప్పుకుందాం. ఆయన మన కతోలిక గురువే. ప్రతిరోజూ దివ్యపూజ చేసే చేతులతోనే రాత్రిళ్ళు దూరదర్శినిని తిప్పాడు. అంతవరకు ఎవరికీ తెలియని ఒక చిన్న లోకాన్ని కనుగొన్నాడు. దానికి రోమనులు కొలిచిన ధాన్యదేవత పేరు తానే కోరి పెట్టాడు. ఆయనే ఫాదర్ జుసెప్పే పియాజ్జి.

ఇటలీ దేశానికి ఉత్తరాన, ఆల్ప్స్ పర్వతాల ఒడిలో, వాల్తెల్లీనా అనే లోయ ఉంది. అందులోని పోంతే గ్రామంలో 1746 జూలైలో పియాజ్జి పుట్టాడు. ఇరవై ఏళ్ళు నిండకముందే మిలాను నగరంలో తియటైన్ సభలో చేరి సన్యాసి అయ్యాడు. పునీత గయెతాను, తర్వాత నాలుగవ పౌలు పోపుగారైన కరాఫా తదితరులు కలిసి 1524లో స్థాపించిన సభ అది. ఆ సభవారు ఆస్తి కూడబెట్టరు, భిక్షకూ వెళ్ళరు, దేవుడు ఇచ్చినదానితో సరిపెట్టుకుంటారు. ఈ సభ మన తెలుగువారికి కొత్త కాదు. 17వ శతాబ్దంలోనే ఆ గురువులు గోల్కొండ రాజ్యానికి వచ్చి సువార్త ప్రకటించారు.

పియాజ్జి చదువు మిలాను, టూరిను, రోము నగరాల్లో సాగింది. గురుపట్టం పొందాక సభ పెద్దలు ఎక్కడికి పంపితే అక్కడ పాఠాలు చెప్పాడు. జెనోవాలో తత్వశాస్త్రం, మాల్టా ద్వీపంలో గణితం, ఆ తర్వాత రవెన్నా. 1779లో రోములో వేదాంతం బోధిస్తున్నప్పుడు ఆయన తోటి ఆచార్యుడు కియరమోంతి అనే బెనెడిక్టైన్ సన్యాసి. తరువాతి కాలంలో ఆయనే ఏడవ పయస్ పోపుగారు అయ్యారు. మరి కొద్దికాలానికే పియాజ్జికి సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరంలో గణితాచార్యుడి పదవి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నలభై ఏళ్ళు వచ్చేవరకు ఆయన ఖగోళ శాస్త్రజ్ఞుడు కాడు. పలెర్మోలో వేధశాల కట్టాలని రాజప్రతినిధి తలపెట్టి, ఆ భారం 1787లో ఆయనకు అప్పగించాడు. రాని విద్య వచ్చినట్టు ఆయన నటించలేదు. పెట్టె సర్దుకుని పారిస్ వెళ్ళి, లలాండ్ అనే ప్రసిద్ధ ఖగోళవేత్త దగ్గర శిష్యుడిగా కూర్చున్నాడు. తల నెరిసే వయసులో పలక పట్టడానికి ఎంత వినయం కావాలో మీరే ఆలోచించండి.

ఆ పారిస్ నగరంలో మన ప్రాంతానికి సంబంధించిన ఒక సంగతి ఉంది. 18వ శతాబ్దం తొలి ఏళ్ళ నుంచి ఫ్రెంచి యేసుసభ గురువులు పుదుచ్చేరి నుంచి కాలినడకన లోపలికి వచ్చి, పుంగనూరు మొదలైన చోట్ల దైవసేవ చేశారు. కర్ణాటక మిషను అని చరిత్రలో చెప్పేది దానినే. ఆ గురువులు ఇక్కడి పంచాంగకర్తలతో స్నేహం చేసి, గ్రహగతులను ఎలా లెక్కగడతారో అడిగి తెలుసుకున్నారు. వారిలో ఫాదర్ దుషాన్ అనే ఆయన ఆ మిషనులోని కృష్ణాపురం నుంచి సుమారు 1750లో గ్రహగణిత పట్టికలను ఫ్రాన్సు పండితులకు పంపాడు. బైయీ అనే శాస్త్రజ్ఞుడు వాటిని పరిశీలించి పారిస్‌లో పెద్ద గ్రంథం అచ్చు వేయించింది సరిగ్గా 1787లో, అంటే పియాజ్జి ఆ ఊళ్ళో చదువుకుంటున్న రోజుల్లో. బుధుడు, శుక్రుడు, అంగారకుడు అని మనవారు రాసుకున్న లెక్కలను అక్కడివారు మెర్క్యురీ, వీనస్, మార్స్ అని చదువుకున్నారు. పేర్లు వేరు, చుక్కలు అవే. అందుకే లెక్క ఆ దేశంలోనూ సరిపోయింది.

పారిస్ నుంచి పియాజ్జి లండను వెళ్ళాడు. రామ్స్‌డెన్ అనే యంత్రాల తయారీదారు పనితనంలో మేటి, పని పూర్తిచేయడంలో మహా ఆలస్యం. పియాజ్జి కోరింది అయిదడుగుల వలయం గల పరికరం. చుక్క ఆకాశంలో ఎంత ఎత్తున ఉందో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలవాలి. చేస్తానన్న మనిషి చేయడు, వదిలి వెళితే అసలే చేయడు. పియాజ్జి ఆయన వెంటే ఉండి, ఓపికగా అడుగుతూ, పొగుడుతూ, 1789 ఆగస్టులో ఆ యంత్రాన్ని సాధించాడు. దాన్ని పలెర్మో రాజభవనం బురుజు మీద ప్రతిష్ఠించాడు. యూరపులో అప్పటికి అన్నిటికన్నా దక్షిణాన ఉన్న వేధశాల అదే. 

తర్వాత మొదలైంది అసలైన తపస్సు. ఆకాశంలోని చుక్కలకు సరైన చిరునామాలు రాయాలన్నది ఆయన సంకల్పం. ఒకసారి చూసి రాసుకుని సరిపెట్టుకోలేదు. ఒక్కొక్క చుక్కను కనీసం నాలుగు రాత్రులు కొలిచేవాడు. ఒకే జపాన్ని పూస తర్వాత పూసగా చెప్పే మన తల్లులకు ఈ ఓపిక అర్థమవుతుంది. 1803లో 6,748 చుక్కల పట్టిక వెలువడింది. 1814లో దానినే సరిదిద్ది 7,646 చుక్కలకు పెంచాడు. ఆ శ్రమకు ఆయన కళ్ళు బాగా దెబ్బతిన్నాయి.

ఈ లెక్కల నడుమ వచ్చింది ఆ రాత్రి. 1801 జనవరి 1. కొత్త శతాబ్దపు మొదటి రోజు. ఇప్పుడు మనం దేవమాత పండుగ చేసుకునే తేదీ. అప్పట్లో అది బాలయేసు సున్నతి పండుగ. లోకమంతా పండుగ విందుల్లో ఉంటే పియాజ్జి బురుజు మీద ఉన్నాడు. వృషభ రాశిలో ఒక చుక్కను కొలుస్తుండగా, పాత పట్టికలో లేని మరో మసక చుక్క పక్కన కనబడింది. గుర్తు రాసుకున్నాడు. మర్నాడు చూస్తే అది కొంచెం జరిగి ఉంది. తాను పొరబడ్డానేమోనని మూడవ రోజు, నాలుగవ రోజు కూడా చూశాడు. జరుగుతూనే ఉంది. మామూలు చుక్క ఒక రాత్రిలో అలా జరగదు.

తోకచుక్క దొరికిందని మొదట ప్రకటించాడు. కానీ దానికి తోక లేదు, పొగ లేదు, నడక నిదానం. ఇది అంతకంటే గొప్పదేమోనని మిలానులోని స్నేహితుడికి రాసిన ఉత్తరంలో బయటపెట్టాడు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య ఉన్న పెద్ద ఖాళీలో ఒక గ్రహం ఉండాలని పండితులు అప్పటికే అనుకుంటున్నారు. దాన్ని వెదకడానికి జర్మనీలో కొందరు జట్టు కట్టారు కూడా. పియాజ్జిని చేర్చుకోవాలని రాసిన ఆహ్వానం ఇంకా ఆయనకు అందనే లేదు. పిలుపు అందకముందే పని జరిగిపోయింది.

అంతలో ఆయన జబ్బుపడ్డాడు. 1801 ఫిబ్రవరి 11 తర్వాత చూడలేకపోయాడు. మొత్తం ఇరవైనాలుగు కొలతలు మాత్రమే చేతిలో ఉన్నాయి. ఆయన కోలుకునేసరికి ఆ చుక్క సూర్యుడి వెలుగులోకి వెళ్ళి మరుగైంది. మళ్ళీ ఎక్కడ తేలుతుందో ఎవరికీ తెలియదు. దొరికిన ముత్యం చేతిలోనుంచి ఏట్లో జారిపోయినట్టయింది.

ఇక్కడ ఆయన లోపం ఒకటి చెప్పాలి. మనం పెద్దల జీవితాలు చదివేది వారిలోని మంచిని మాత్రమే ఏరుకోవడానికి కాదు. కక్ష్యను తానే లెక్కకట్టాలన్న ఆశతో పియాజ్జి తన కొలతలన్నీ వెంటనే ఇతరులకు పంపలేదు. కొద్ది వివరాలే పంపి, పూర్తి లెక్కలను కొన్ని నెలలు ఆలస్యం చేశాడు. తోటివారు నొచ్చుకున్నారు. తన కష్టఫలం తనకే దక్కాలన్న కోరిక సన్యాసి మనసులో కూడా చొరబడగలదు. చివరకు ఆ లెక్కలు ఆయన చేయి దాటాకే ఫలించాయి. ఇరవైనాలుగేళ్ళ గౌస్ అనే జర్మను యువకుడు ఆ కొద్ది కొలతల నుంచే దారిని గణించే కొత్త పద్ధతి కనిపెట్టాడు. ఆయన చెప్పిన చోటికి దగ్గరలోనే 1801 డిసెంబరు 31 రాత్రి ఫాన్ జాక్, మర్నాడు ఓల్బర్స్ ఆ చుక్కను మళ్ళీ పట్టుకున్నారు. సరిగ్గా ఏడాదికి తప్పిపోయిన బిడ్డ ఇల్లు చేరింది.

ఇక పేరు. ఆ రోజుల్లో కొత్త లోకానికి పేరు పెట్టడమంటే చిన్న తగవు కాదు. 1781లో హెర్షెల్ కొత్త గ్రహాన్ని కనుగొని ఇంగ్లండు రాజు జార్జి పేరు పెట్టబోతే ఇతర దేశాలు ఒప్పుకోలేదు. చివరకు యురేనస్ అనే పాత గ్రీకు దేవుడి పేరే నిలిచింది. ఇప్పుడు ఈ కొత్తదానికి జర్మనులు జూనో అనీ హెరా అనీ ప్రతిపాదించారు. లలాండ్ తన శిష్యుడి మీది అభిమానంతో పియాజ్జి అనే పిలవసాగాడు. పియాజ్జి అందుకు సమ్మతించలేదు. కనుగొన్నవాడిగా పేరు పెట్టే హక్కు తనదేనని చెప్పి, సెరిస్ ఫెర్డినాండెయా అని నిర్ణయించాడు. మొదటిది ధాన్యదేవత పేరు. రెండవది వేధశాలను పోషించిన ఫెర్డినాండు రాజు పేరు.

సెరిస్ ఎందుకంటే సిసిలీ ఆమె సొంత గడ్డ అని రోమనుల నమ్మకం. రోము నగరానికి గోధుమలు పంపే గాదె ఆ ద్వీపం. ఆ పురాణ కథ ఇది. సెరిస్ కూతురు ప్రొసెర్పినా సిసిలీ నడిబొడ్డున ఒక చెరువు పక్కన పూలు కోస్తుండగా, పాతాళపు రాజు ప్లూటో రథం మీద వచ్చి ఎత్తుకుపోయాడు. తల్లి ఎట్నా అగ్నిపర్వతం మంటలో దివిటీలు ముట్టించుకుని రాత్రింబవళ్ళు వెదికింది. ఆమె దుఃఖంలో పొలాలు ఎండిపోయాయి. చివరకు కూతురు ఏడాదిలో కొన్ని నెలలు తల్లి దగ్గర, కొన్ని నెలలు పాతాళంలో ఉండేలా ఒప్పందం కుదిరింది. కూతురు వచ్చినప్పుడు నేల పచ్చబడుతుంది, వెళ్ళినప్పుడు మోడువారుతుంది. విత్తనం మట్టిలో కనబడకుండా పోయి తిరిగి మొలవడాన్ని ఆ జనం ఇలా కథగా చెప్పుకున్నారు. వాన కోసం మబ్బు వైపు చూసే మన రైతుకు ఆ తల్లి బాధ అర్థం కాకపోదు.

ఆ సముద్రంలోనే వుల్కానో అనే దీవి ఉంది. అగ్నిదేవుడు వల్కన్ కొలిమి అక్కడ ఉందని పాతవారి కథ. ఇంగ్లీషులో అగ్నిపర్వతాన్ని వోల్కనో అనడం ఆ పేరు నుంచే. ఈనాడు పట్నాల్లో పిల్లలు పొద్దున పాలలో వేసుకు తినే సీరియల్ అనే మాటా సెరిస్ పేరు నుంచే వచ్చింది. మనం సాయంత్రం టీవీలో చూసే సీరియల్‌కు మాత్రం ఆ పాపం అంటదు! ఇలా రోమను పురాణం కొండల్లో, గ్రహాల్లో, గిన్నెల్లో కూడా మిగిలిపోయింది.

మరి ఒక గురువు అన్యదేవత పేరు పెట్టడం తగునా? ఇక్కడ మనం పునీత పౌలును తలచుకోవాలి. అపోస్తలుల కార్యాలు చదివినవారికి రెండు సంఘటనలు గుర్తుండాలి. లుస్త్ర పట్టణంలో జనం బర్నబాను జూపిటరనీ, పౌలును మెర్క్యురీ అనీ భ్రమించి బలి అర్పించబోయారు. ఆ ఇద్దరూ బట్టలు చించుకుని, తాము మామూలు మనుషులమేనని అడ్డుపడ్డారు. అదే పౌలు తర్వాత మాల్టా ద్వీపం నుంచి రోముకు వెళ్ళేటప్పుడు ఎక్కిన ఓడకు కవల దేవతల చిహ్నం ఉంది. మిథున రాశిలో మనం పునర్వసు అని పిలిచే జంట చుక్కలకు రోమనులు పెట్టుకున్న పేర్లు ఆ కవలలవే. పౌలు ఆ ఓడ వద్దనలేదు. ఆ ఓడ సిసిలీ తీరంలోని సిరకూసాలో మూడు రోజులు ఆగింది కూడా. ఆరాధన దగ్గర పౌలు ప్రాణమైనా ఇస్తాడు గాని తలవంచడు. పేరు దగ్గర మాత్రం గాభరాపడడు. ఈ తేడాను పియాజ్జి ఎరుగును, మనమూ ఎరగాలి.

తిరుసభ కూడా అలాగే నడిచింది. ప్రార్థనల లతీను భాషలో వారాలకు దేవుళ్ళ పేర్లు వాడలేదు. ఆదివారం ప్రభువు దినం, సోమవారం రెండవ దినం, ఇలా లెక్కించారు. పోర్చుగీసువారు నేటికీ అలాగే అంటారు. కానీ ఇటలీ జనం తమ పాత పేర్లు వదలలేదు. క్రీస్తు ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన రోజును వారు పిలిచే పేరులో వీనస్ దేవత పేరు దాగి ఉంది. ఆ రోజు సిలువను ముద్దుపెట్టుకునే ముసలమ్మకు వీనస్ గుర్తుకు వస్తుందా? రాదు. మన పవిత్ర శుక్రవారం కూడా అంతే. అదే గ్రహం, అదే రోజు. మన పల్లెల్లో బేస్తవారం అంటాం. అది బృహస్పతి వారం, రోమనుల జూపిటర్ రోజు. అక్కడా ఇక్కడా ఒకే చుక్కకు ఒకే రోజు. అంతెందుకు, మీ ఇంట్లో మార్టిన్ అనే పేరుగల అబ్బాయి ఉంటే, ఆ పేరు పుట్టింది యుద్ధదేవుడు మార్స్ నుంచే. చలికి వణికే బిచ్చగాడికి తన అంగీలో సగం కోసి ఇచ్చిన తూర్సు పునీత మార్టిను ఆ పేరుకు కొత్త అర్థం తెచ్చాడు. పేరును పవిత్రం చేసేది దాన్ని మోసే జీవితం.

ఇక రాజుగారి పేరు ఏమైంది? ఇతర దేశాలవారు దాన్ని పట్టించుకోలేదు. కొద్దికాలానికే ఫెర్డినాండెయా రాలిపోయి సెరిస్ మిగిలింది. హార్సిలీ కొండ మీద అధికారి పేరు నిలిచింది, ఆకాశంలో రాజు పేరు నిలవలేదు. రాజు కోపగించుకోలేదు. పియాజ్జి బొమ్మతో బంగారు పతకం పోయించాలనుకున్నాడు. ఆ సొమ్ముతో వేధశాలకు మరో దూరదర్శిని కొనిపెట్టమని పియాజ్జి వేడుకున్నాడు. లెక్కల విషయంలో తడబడిన మనిషి పతకం విషయంలో గెలిచాడు.

ఆయన సహాయకుడు నికొలో కచ్చతోరె కథ మాత్రం వేరు. 1814 పట్టికలో రెండు చుక్కల పక్కన ఎవరూ ఎరుగని పేర్లు కనబడ్డాయి, సువాలోసిన్, రొటనేవ్ అని. ఏ పురాణంలోనూ లేవు. చాలా ఏళ్ళకు ఒక ఇంగ్లీషు పండితుడు ఆ అక్షరాలను వెనక నుంచి చదివి నవ్వుకున్నాడు. సహాయకుడి పేరునే లతీనులోకి మార్చి తిరగరాస్తే వచ్చిన పేర్లవి. గుట్టుగా ఆకాశమెక్కాడన్నమాట! పియాజ్జి పేరు మాత్రం అడక్కుండానే ఆకాశానికి చేరింది. 1923లో కనుగొన్న వెయ్యవ గ్రహశకలానికి శాస్త్రజ్ఞులు పియాజ్జియా అని పేరు పెట్టారు.

ఆయన చూపు ఎప్పుడూ పైకే ఉండేదనుకోకండి. పలెర్మో కతెద్రలు నేల మీద 1801లో ఒక ఇత్తడి గీత వేయించాడు. పైన గోపురంలోని చిన్న రంధ్రం నుంచి పడే ఎండచుక్క సరిగ్గా మధ్యాహ్నం ఆ గీతను తాకుతుంది. గీత పక్కన పాలరాతిలో మేషం, వృషభం మొదలైన రాశుల బొమ్మలున్నాయి. దేవాలయం నడిమధ్యలో రాశులేమిటని ఎవరూ తప్పుపట్టలేదు. సూర్యుణ్ణి ఏలేవాడి ఇంట్లో సూర్యుడు గంట చెబుతున్నాడంతే.

అంతకంటే పేదలకు పనికొచ్చిన పని ఇంకొకటి ఉంది. సిసిలీలో ఊరికో మానిక, సంతకో తూనిక. అమ్మే రైతు ఒక కొలతతో మోసపోతే, కొనే కూలివాడు మరో కొలతతో మోసపోయేవాడు. మన తాతల కాలంలో శేరు, మానిక, సోల ఊరూరికీ మారిన రోజులు విన్నవారికి ఇది తెలుసు. ద్వీపమంతటికీ ఒకే కొలత ఉండాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు ఆ పనిలో పియాజ్జి ముందు నిలిచాడు. 1812లో ఆ కొలతల మీద గ్రంథం వెలువరించాడు. చుక్కను వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచిన మనిషి గింజలనూ న్యాయంగా కొలవమన్నాడు. దొంగ తూకం ప్రభువుకు అసహ్యమని వేదం బోధిస్తుంది. ఆ బోధను ఆయన లెక్కల్లో అమలుపరిచాడు.

1817లో రాజు ఆయనను నేపుల్స్ పిలిపించి, అక్కడ కడుతున్న వేధశాల బాధ్యత అప్పగించాడు. 1826 జూలై 22న ఆ నగరంలోనే, ఎనభై ఏళ్ళ వయసులో, ఆయన కన్నుమూశాడు.

ఆయన కన్నుమూసినా సెరిస్ పేరు తిరుగుతూనే ఉంది. 1803లో కనుగొన్న ఒక లోహానికి దాని పేరుమీదుగా సీరియం అన్నారు. కరెంటు లేని మన పల్లెల్లో క్రిస్మస్ అర్ధరాత్రి పూజకు వెలిగించిన పెట్రోమాక్స్ లైటు గుర్తుందా? ఆ మాంటిల్ అంత తెల్లగా వెలగడానికి అందులోని రవ్వంత సీరియం ఆక్సైడు కారణం. సెరిస్ తర్వాత ఇలాంటి చిన్న లోకాలు వరుసగా దొరికాయి. మద్రాసు వేధశాలలో పని చేసిన పోగ్సన్ దొర 1866లో ఒకదాన్ని కనుగొని సిల్వియా అన్నాడు. రోము నగరాన్ని కట్టిన కవలల తల్లి పేరు అది. 1868లో కెమిల్లా దొరికింది. కుప్పం వారికి వాణియంబాడి దాటితే జవ్వాది కొండల్లో కావలూరు వేధశాల ఉంది. అక్కడ 1988లో కనుగొన్నదానికి గణితమేధావి రామానుజన్ పేరు పెట్టారు. రోమను దేవతల వరుసలో మన పక్క ఊళ్ళ మనిషి చేరాడు.

సెరిస్ స్థాయి కూడా మారుతూ వచ్చింది. మొదట గ్రహమన్నారు. తర్వాత గ్రహశకలమన్నారు. 2006లో ప్లూటోతో పాటు మరుగుజ్జు గ్రహమన్నారు. దాని అడ్డుకొలత సుమారు 940 కిలోమీటర్లు మాత్రమే. పుంగనూరు వారు దీనికి నొచ్చుకోరు. పొట్టిదైనంత మాత్రాన తమ ఆవు విలువ తగ్గదని వారికి తెలుసు!

2015 మార్చిలో డాన్ అనే అమెరికా నౌక సెరిస్‌ను చేరి, దాని చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసింది. అక్కడి గుంటలకు పంటదేవతల పేర్లు, కొండలు మొదలైనవాటికి కోతల పండుగల పేర్లు పెట్టాలని అంతర్జాతీయ ఖగోళ సంఘం నియమం. ఉప్పుతో తెల్లగా మెరిసే ఒక గుంట పేరు ఒకాటర్. రోమనుల నమ్మకంలో సెరిస్‌కు తోడుండి గుంటక తోలించే దేవుడతడు. సుమారు 170 కిలోమీటర్ల మరో గుంట పేరు ఉర్వర. సారవంతమైన నేల అని అర్థం, మన దేశపు పేరే. నాలుగు కిలోమీటర్ల ఎత్తున్న ఒంటరి కొండ పేరు అహునా. నాగాలాండులోని సుమీ నాగులు కోతల తర్వాత చేసే కృతజ్ఞతా పండుగ అది. ఆ జనంలో అత్యధికులు క్రైస్తవులే. గుంటల బారు ఒకదానికి పొంగల్ అని పేరు. కుప్పంలో ఇంటి ముందు కొత్త కుండలో పొంగే అదే పొంగల్!

ప్రియ పాఠకులారా, పియాజ్జి తన పేరు వద్దన్నాడు. రాజు పేరు రాలిపోయింది. నిలిచింది అన్నం పెట్టే గింజ పేరు. ఆ గింజనే కదా మనం పీఠం మీద రొట్టెగా సమర్పిస్తున్నాం. నేలలో పడి చచ్చే గోధుమగింజను ప్రభువు తనకు పోలికగా చెప్పుకున్నాడు. పాతాళానికి పోయి తిరిగివచ్చే కూతురి కథలో ఆ పాత జనం తడుముకున్నది, సమాధి నుంచి లేచిన క్రీస్తులో మనకు నిజంగా దొరికింది.

ఈసారి మీ విచారణలో తొలిపంట కానుకగా శెనక్కాయలో, రాగులో, టమోటా గంపో తెచ్చినప్పుడు ఫాదర్ పియాజ్జిని ఒక క్షణం తలచుకోండి. ఆ రాత్రి మీ పిల్లలను మిద్దె మీదికి తీసుకువెళ్ళి చుక్కలు చూపించండి. సెరిస్ మామూలు కంటికి ఆనదు, ఫర్వాలేదు. శుక్రుడు, గురుడు కనబడతారు. పేర్లు చెప్పడానికి జంకకండి. పేరు ఎవరిదైనా, ఆ చుక్కను వెలిగించినవాడు ఎవరో మాత్రం మరచిపోకుండా చెప్పండి.